ట్రాము డ్రైవరు: అతని పని, అతని నిద్ర

(వర్లి బి.డి.డి. చాళ్లలోని తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మాకు అప్పగించిన విషయము ఈ నగరమున ట్రాము నడపినవాని జీవితము. బొంబాయిలో ట్రాము ఆగిపోయి ఆరు దశాబ్దములు దాటినది. ఈ సభలో ముందు వరుసలలో కూర్చున్న యువకులెవ్వరును దానిని కన్నులార చూచి యుండరు. లేని బండిని గూర్చి ఇప్పుడు చెప్పుకొనుట ఎందులకని వారికి తోచవచ్చును. దాదరు టి.టి. అని మనము ప్రతిదినము పలుకుచున్నాము. ఆ రెండక్షరములు ట్రాము టెర్మినస్ అను మాటల మొదటి అక్షరములని మనలో ఎందరికి తెలియును? పట్టాలు పోయినవి, పేరు నిలిచినది. పేరుతోపాటు ఆ పనియు నిలిచినది. తెల్లవారకముందే లేచి, ముక్కుమొగమెరుగని జనమును తన వెనుక ఎక్కించుకొని, ఇరుకు వీధులలో వారి ప్రాణములను తన చేతిలో పెట్టుకొని పోవు పని అది. మన చాళ్లలో బస్సు, టాక్సీ, లారీ నడపి ఇల్లు గడుపుకొనుచున్న కుటుంబములు నేడును కలవు. ఆ పనికి తగిన విలువ కట్టవలెనన్నచో ట్రాము డ్రైవరు పని ఎట్టిదో తెలిసికొనుట మంచిదని మా అభిప్రాయము.

మొదట చరిత్రను క్లుప్తముగా మనవి చేయుదుము. 1874 మే 9వ తేదీన బొంబాయి వీధులలో గుఱ్ఱపు ట్రాములు మొదలైనవి. కొలాబా నుండి క్రాఫర్డ్ మార్కెట్టు మీదుగా పాయధోనీ వఱకు ఒక మార్గము, బోరీబందరు నుండి పాయధోనీ వఱకు మఱియొక మార్గము వేసిరి. కొలాబా నుండి పాయధోనీకి మొదట మూడణాల కిరాయి. తరువాత దానిని రెండణాలకు తగ్గించిరి. 20 బండ్లతోను, 200 గుఱ్ఱములతోను ఆరంభించిన ఆ కంపెనీ 1905లో తన వ్యవహారము ముగించునాటికి దాని సాలలలో 1,360 గుఱ్ఱములుండెను. 1905లోనే విద్యుత్తును, ట్రాములను కలిపి నడపుటకు క్రొత్త కంపెనీ ఏర్పడినది. నేడు మనము బెస్టు అని పిలుచునది దాని వారసత్వమే. 1907 మే 7వ తేదీన విద్యుత్ ట్రాము నగరమున కదలినది. జనసమ్మర్దము పెరుగగా 1920లో రెండంతస్తుల ట్రాములు తెచ్చిరి. 1926 జూలై 15న మొదటి బస్సు వచ్చినది. స్వాతంత్ర్యమునకు ఎనిమిది దినములు ముందు, 1947 ఆగస్టు 7న, ఈ సంస్థ నగరపాలక సంస్థ చేతికి వచ్చినది. 1964 మార్చి 31వ తేదీ రాత్రి 10 గంటలకు కడపటి ట్రాము బోరీబందరు నుండి దాదరుకు బయలుదేరినది. దానిని సాగనంపుటకు జనము వీధికి రెండువైపుల నిలిచిరి.

ఈ చరిత్రలో మనవారి స్థానమేమి? ట్రాము నడపినవారెల్లరు మనవారేయని గొప్పలు చెప్పుట మా ఉద్దేశము కాదు. 18వ శతాబ్దపు చివరి నుండి నిజాము రాజ్యపు పల్లెలను విడిచి వచ్చిన తెలుగు కూలీలను ఈ నగరము కామాఠీలని పిలిచినది. వారు నివసించిన పేట కామాఠీపుర అయినది. వారు రాళ్లు మోసిరి, గోడలు కట్టిరి. తరువాత పద్మశాలీలు మగ్గపు నేర్పును చేతబట్టుకొని వచ్చి వర్లి, ప్రభాదేవి, లోయర్ పరేలు మిల్లులలో చేరిరి. 1920ల మొదటి భాగమున బి.డి.డి. చాళ్లు లేచినవి. ఆ దినములలో బైకుళా, లాల్‌బాగ్, పరేలు మీదుగా దాదరుకు సాగిన ట్రాము మార్గము మిల్లు కార్మికుల రాకపోకలకు ప్రాణాధారము. మిల్లు భోంగా మ్రోగునప్పటికి కార్మికుడు గేటు లోపల ఉండవలెను. కార్మికుడు గేటు లోపల ఉండుటకు ట్రాము డ్రైవరు అంతకు ముందే వీధిలో ఉండవలెను. నేసినవాడు తెలుగువాడైనను, నడపినవాడు మరాఠీవాడైనను, ఉత్తరాదివాడైనను, ఇద్దరి కూడు ఆ గడియారమునకే కట్టుబడి యుండెను. మనము కట్టిన గోడ కంటికి కనబడును. మనము నేసిన బట్ట చేతికి తగులును. జనమును క్షేమముగా దింపినవాని పని మాత్రము కంటికి కనబడదు. ఏ ప్రమాదమును జరుగకపోవుటయే దాని ఫలము. జరుగని దానిని ఎవరు లెక్కింతురు?

ఇక ఆ పనియొక్క తీరు చూతము. ట్రాము డ్రైవరు సాధారణముగా నిలుచుండియే బండి నడపెడివాడు. ఎడమచేతికి విద్యుత్తును వదలు పిడి, కుడిచేతికి బ్రేకు, పాదము క్రింద గంట. ఇంతే అతని సామగ్రి. పై తీగె నుండి ఒక కమ్మి ద్వారా విద్యుత్తు బండిలోనికి దిగి, మోటార్లను త్రిప్పి, పట్టాలగుండా తిరిగి పోవును. ఆ పిడిని ఒక్కసారిగా త్రిప్పరాదు. దానికి మెట్లు కలవు. మొదటి మెట్లలో మోటార్లు ఒకదానితో నొకటి వరుసగా కలిసి విద్యుత్తును పంచుకొనును. అప్పుడు బండి మెల్లగా, కుదుపు లేక కదలును. పై మెట్లలో ఒక్కొక్క మోటారునకు పూర్తి ఒత్తిడి అందును. అప్పుడు వేగము వచ్చును. తొందరపడి మెట్లు దాటినచో చక్రము పట్టాపై తిరిగినచోటనే తిరుగును, మోటారు వేడెక్కును, లోపల నిలుచున్న ముసలమ్మ ముందుకు తూలిపడును. కావున మంచి డ్రైవరెవరో ప్రయాణికులకు కాళ్లతోనే తెలియును. బండి కదలినదో లేదో తెలియకుండ కదలించినవాడే మంచి డ్రైవరు.

ఈ పనిలో అన్నిటికంటె గొప్ప సంగతి వేరొకటి కలదు. ట్రామునకు దిశ త్రిప్పు చక్రము లేదు. బస్సు డ్రైవరు అడ్డము వచ్చినవానిని తప్పించి ప్రక్కకు త్రిప్పవచ్చును. ట్రాము డ్రైవరునకు ఆ దారి లేదు. పట్టా ఎక్కడకు పోవునో అక్కడకే అతడు పోవలెను. పిల్లవాడు బంతి వెంట పరుగెత్తి వచ్చినను, చేతిబండివాడు చక్రము ఊడి నడివీధిలో కూలబడినను, అతనికి ఉన్నది గంట, బ్రేకు, తన ముందుచూపు. ఇనుప చక్రము ఇనుప పట్టాపై సులభముగా దొర్లును. ఆ కారణము చేతనే అది సులభముగా ఆగదు. రబ్బరు చక్రము నేలను పట్టుకొన్నట్లు ఇనుము ఇనుమును పట్టుకొనలేదు. కావున అతడు ఆగవలసిన చోటికి చాల ముందే ఆగుటకు నిశ్చయించుకొనవలెను. సందు మొగలో నిలుచున్న పిల్లవాని చూపు ఎటున్నది? ఎద్దుబండివాడు నిద్రపోవుచున్నాడా, మేలుకొని యున్నాడా? నిలుచున్న మోటారుకారు తలుపు ఇప్పుడు తెరచుకొనునా? ఇవన్నియు అతడు చూచుచునే యుండవలెను. ప్రక్కకు తప్పుకొనలేనివాడు ముందుగా చూడవలెను. ట్రాము డ్రైవరు విద్య అంతయు ఈ ఒక్క మాటలో ఇమిడి యున్నదని మేము తలంచుచున్నాము.

వానకాలము వచ్చినప్పుడు ఈ విద్యకు పరీక్ష. మొదటి చినుకులు పడినప్పుడు వీధి దుమ్ము, నూనె కలిసి పట్టాపై సన్నని జిడ్డు పట్టును. జోరువానకంటె ఆ మొదటి తడియే అపాయకరము. బ్రేకు గట్టిగా బిగించినచో చక్రము తిరుగుట మాని జారుట మొదలిడును. జారుచున్న చక్రమునకు పట్టు మఱింత తగ్గును. అందుచేత బిగించుటకంటె వదలుట ఎప్పుడో తెలియవలెను. పట్టా మీద ఇసుక చల్లుట ట్రాములవారు లోకమంతట వాడిన ఉపాయము. పరేలు, దాదరు ప్రాంతపు పల్లపు వీధులలో నీరు నిలుచుట మనకు క్రొత్త కాదు. నీరు మోటారు దాక వచ్చినచో విద్యుత్ బండి సాగలేదు. అప్పుడు డ్రైవరు చేయగలిగినది ఓర్పుతో జనమునకు సమాధానము చెప్పుటయే. ఆ సమాధానము మరాఠీలో చెప్పవలెను, హిందూస్తానీలో చెప్పవలెను, గుజరాతీలో అడిగినదానిని గ్రహింపవలెను. వీధిపని చేయు మన తెలుగువారు ఇంటిలో ఒక భాషయు, పనిలో రెండు మూడు భాషలును పలుకుటను బడికి పోకయే నేర్చినది ఇట్టి చోట్లనే. కండక్టరు నోట పుఢే చలా అను మాట విననివారు మనలో లేరు.

ట్రాము గమ్యస్థానము చేరిన తరువాత బండి తిరుగదు. రెండు కొనలయందును నడపు స్థలముండును. డ్రైవరు తన పిడిని ఊడదీసికొని ఈ కొన నుండి ఆ కొనకు పోవును. పై కమ్మిని రెండవ వైపునకు త్రిప్పుదురు. ఆసనముల వీపులను ఎదురుదిక్కునకు మార్చుదురు. ఇంతలో ఒక గ్రుక్క చాయ త్రాగినచో త్రాగినట్లు, లేనిచో లేదు. మరల అదే వీధి, అవే మలుపులు. చూచువానికి ఇది విసుగు పుట్టించు పని. నడపువానికి విసుగు చెందు హక్కు లేదు. వేయి సార్లు చూచిన మలుపును వేయిన్నొకటవసారి క్రొత్తగా చూడవలెను. అజాగ్రత్త అలవాటు వెంటనే వచ్చును.

ఇప్పుడు మేము ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. ముందుచూపు ఎక్కడ నుండి వచ్చును? కొంత అనుభవము వలన, కొంత శిక్షణ వలన. వీని రెంటికిని ఆధారము నిద్ర. నిద్ర చాలనివాని కన్ను తెరచియే యుండును, చూపు మాత్రము ఉండదు. మొదటి బండి తెల్లవారుజామున కదలవలెనన్నచో డ్రైవరు అంతకు చాల ముందే లేవవలెను. కడపటి బండి నడపినవాడు ఇల్లు చేరునప్పటికి అర్ధరాత్రి దాటును. ఒక వారము ఈ షిఫ్టు, ఒక వారము ఆ షిఫ్టు అయినచో శరీరమునకు పగలేదో రాత్రియేదో తెలియదు. ఇటువంటివాడు పగటివేళ నిద్రించుటకు మన బి.డి.డి. చాళులో ఏమి వసతి కలదు? ఒక కట్టడమున 80 గదులు. ఒక్కొక్క అంతస్తున 20. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. ఆ గదిలోనే పొయ్యి, ఆ గదిలోనే పిల్లల చదువు, ఆ గదిలోనే ముసలివారి దగ్గు. నడవలో బిందెల చప్పుడు, పిల్లల ఆటలు. అట్టి చోట అతడు ముసుగు పెట్టుకొని గోడవైపు తిరిగి పరుండవలెను.

ఆ నిద్రను కాపాడినదెవరు? ఇంటి ఇల్లాలు. తెల్లవారకముందే లేచి రొట్టెయు, పచ్చడియు డబ్బాలో కట్టి పంపినది ఆమె. పగటివేళ పిల్లలను నడవ చివరకు తీసికొనిపోయి ఆడించినది ఆమె. ప్రక్క గదివారితో, వదినా, ఆయన ఇప్పుడే పరుండినారు, దంచుట కొంచెము సేపు ఆపుదురా అని మొగమాటము విడిచి అడిగినది ఆమె. ఆ వదినె రోకలిని ప్రక్కన పెట్టినది. ఆ ఒక్క రోకలి ఆగుటచేత ఆ సాయంకాలము ఎన్ని ప్రాణములు క్షేమముగా ఇల్లు చేరినవో ఎవరును చెప్పలేరు. జీతపు చీటీలో ఆ వదినె పేరు లేదు, ఈ ఇల్లాలి పేరును లేదు. అయినను ఆ బండిని నడపినవారిలో వారిద్దరును కలరు.

శ్రమ చేయువానికి విరామము అవసరమని మన దేశపు చట్టము గుర్తింపకపోలేదు. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అను హద్దు ఏర్పరచినది. 5 గంటల పని కాకముందే అరగంట విరామమీయవలెనని చెప్పినది. పనికి ఎక్కిన వేళ నుండి దిగు వేళ వఱకు సాధారణముగా 12 గంటలు దాటరాదనియు, వారమున ఒక దినము సెలవుండవలెననియు విధించినది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున క్రొత్త కార్మిక స్మృతి అమలులోనికి వచ్చినది. చట్టము పేరు ఏదైనను, డ్రైవరుల యిండ్లవారు దానిలోని గంటల లెక్కను తెలిసికొని యుండుట అవసరము. తన హక్కు తెలియనివాడు దానిని అడుగలేడు.

ట్రాములు ఎందుకు తీసివేసిరను ప్రశ్న కొందరు అడుగుదురు. మోటారు వాహనములు పెరిగిన కొలది నడివీధిలో సాగు ట్రాము వానికి అడ్డమని తోచెను. జనము నడివీధిలో ఎక్కి దిగుటయు అపాయకరమయ్యెను. 1962 జూన్ 11న పట్టాలు లేని విద్యుత్ ట్రాలీ బస్సులు గోవాలియా ట్యాంకు, మజ్‌గావ్ డాకుల నడుమ వచ్చినవి. 1971 మార్చి 24న అవియు ఆగినవి. పాత రెండంతస్తుల బస్సులు 2023 సెప్టెంబరు 15న సెలవు పుచ్చుకొన్నవి. నేడు మరల విద్యుత్ బస్సులు వచ్చుచున్నవి. బండ్లు మారును. మారనిది ఒకటే: ముందు కూర్చున్నవాని కన్ను.

ఈ మధ్య బెస్టులో స్వంత బస్సులు తగ్గి, ప్రైవేటు కంపెనీల నుండి డ్రైవరుతో సహా అద్దెకు తీసికొను బస్సులు పెరిగినవి. 2024 డిసెంబరు 9వ తేదీ రాత్రి కుర్లాలో అట్టి విద్యుత్ బస్సు ఒకటి జనముపైకిని, వాహనములపైకిని దూసికొనిపోయి కనీసము ఏడుగురు మరణించిరి. నలువదిమందికి పైగా గాయపడిరి. దోషమెవరిదో నిర్ణయించుట న్యాయస్థానమున కున్న పని, మనది కాదు. అయినను క్రొత్త రకపు బండి నడపువానికి ఎన్నినాళ్ల శిక్షణ ఈయవలెనను ప్రశ్న ఆ దినము నగరమంతట వినవచ్చినది. ఆ ప్రశ్న మన యింటి ప్రశ్న కూడ. అట్టి పనిలో చేరు పిల్లలు మన చాళ్లలోను ఉన్నారు. బస్సు ఎక్కువారము మనము, నడపువారు మన బిడ్డలు. చౌకగా దొరకునని అలసినవానిని, నేర్వనివానిని ఆ స్థలమున కూర్చుండబెట్టిన నగరము తన బిడ్డలతోనే పందెమాడుచున్నది.

కావున మనము చేయదగిన పనులు కొన్ని మనవి చేయుదుము. ఇవి పెద్ద ధనము కోరునవి కావు. మొదటిది: రాత్రిపని చేసి వచ్చినవాడు పరుండిన గది తలుపునకు ఏదో ఒక గుర్తు కట్టుకొను ఏర్పాటు చేసికొందము, ఆ గుర్తు ఉన్నంతసేపు నడవలో సందడి తగ్గింతము. రెండవది: బండ్లు నడపు మనవారి కన్నులను ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించుటకు మన సంఘములు పూనుకొనవలెను. నలుబది దాటినవానికి చత్వారము వచ్చును. ఉద్యోగము పోవునను భయముచేత అతడు చెప్పడు. మూడవది: మన పిల్లలు క్రొత్త బండి పనిలో చేరునప్పుడు, జీతమెంతయని అడుగుటతోపాటు శిక్షణ ఎన్నినాళ్లని కూడ తల్లిదండ్రులు అడుగవలెను. నేర్పక బండి ఎక్కుమనినచో ఎక్కననుట పిరికితనము కాదని ఇంటివారే ధైర్యము చెప్పవలెను.

నాలుగవది మిక్కిలి తొందరగా చేయవలసినది. మన చాళ్లు పోయి వాని స్థానమున ఎత్తైన క్రొత్త కట్టడములు వచ్చుచున్నవి. 2025 ఆగస్టులో వర్లిలో మొదటి విడతగా 556 కుటుంబములకు 500 చదరపు అడుగుల ఇండ్ల తాళపుచెవులు అందినవి. సంతోషము. పగటివేళ తలుపు మూసికొని నిద్రించుటకు ఒక గది దొరకును. కాని ఇల్లు మారునప్పుడు ట్రంకుపెట్టె అడుగున ఉన్నవి చెత్తలో కలియును. మిల్లు పాసు, ఇత్తడి బిళ్ల, చినిగిన జీతపు చీటీ, కాకీ దుస్తులలో నిలుచున్న తాతగారి ఫోటో, ఎవరును దాచని ట్రాము టిక్కెట్టు, ఇవియే మన చరిత్ర. మనవారి సంగతి గ్రంథములలో వెదకినచో అరుదుగా దొరకును. పెట్టెలలో వెదకవలెను. సోదరులారా, పెట్టె దింపునప్పుడు ఒక్క గడియ ఆగుడు. లోపలిది చూడుడు. ఇంటిలో పెద్దవారున్నచో వారిని అడిగి, వారు చెప్పినది తెలుగులో ఒక కాగితముపై వ్రాయుడు. ఏ సంవత్సరమున వచ్చిరి, ఏ పని చేసిరి, ఏ షిఫ్టు, దేనిమీద పనికి పోయిరి, దారిలో ఏమి చూచిరి. ఒక పుట చాలును. పిల్లలకు తెలుగు వ్రాత మఱపునకు రాకుండ ఇదియు ఒక సాధనమగును.

అల్పసంఖ్యాకులమైన మనము ఈ మహానగరమున ఒక విధముగా ట్రాము వంటి వారము. ఇష్టము వచ్చినట్లు ప్రక్కకు త్రిప్పుకొనుటకు మనకు చోటు తక్కువ. అందువలన మనము ముందుగా చూడవలెను. పిల్లల చదువును, పనివాని నిద్రను, పెద్దల మాటను కాపాడుకొనుటయే ఆ ముందుచూపు.  రేపు ఉదయము బస్సు దిగునప్పుడు దానిని నడపినవాని మొగము ఒక్కసారి చూడుడు. వీలైనచో ఒక నమస్కారము పెట్టుడు. సెలవు.